సముద్రానికీ శిఖం ఉంటుంది

రైల్వే స్టేషన్లలో పసుపు బోర్డు మీద ఊరి పేరు కింద చిన్న అక్షరాలతో ఒక అంకె ఉంటుంది. సముద్ర మట్టానికి ఇన్ని మీటర్ల ఎత్తు అని. మా ఊరి పేరులోనే స్టేషన్ ఉంది: స్టేషన్ ఘన్‌పూర్. ములుగు దిక్కు కోటగుళ్లున్న ఘనపురం వేరు, రైలు ఆగే ఘన్‌పూర్ వేరు అని తెలియడానికి పెట్టుకున్న పేరు. మొన్నటిదాకా వరంగల్ జిల్లా, 2016 నుంచి జనగామ జిల్లా. చిన్నప్పుడు మా నాయినతో స్టేషన్‌కు పోయినప్పుడల్లా ఆ అంకె చూసేవాణ్ని. రెండొందల కిలోమీటర్లకు పైన ఎక్కడో ఉన్న సముద్రం నుంచి మా ఊరిని ఎట్లా కొలిచారా అని ఆశ్చర్యపోయేవాణ్ని.

తర్వాత నా నౌకరీ అంతా ఆ కొలతతోనే గడిచింది. నీటిపారుదల శాఖలో ముప్పై రెండేళ్లు వర్క్ ఇన్‌స్పెక్టర్‌గా చేశాను. కట్ట ఎత్తు, తూము మట్టం, మత్తడి మట్టం, నిండు నీటి మట్టం, ఏది రాసినా ముందు ప్లస్ గుర్తు పెట్టి రాసేవాళ్లం. సముద్రం మాకు సున్నా. అది కదలదు, లోకంలో మిగతావన్నీ దాని మీద ఎత్తులే అన్నది మా లెక్క.

నేను రిటైరయ్యేసరికి మా చిన్నబిడ్డకు కాకినాడలో ఉద్యోగం వచ్చింది. రాత్రి కాజీపేటలో గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారేసరికి కాకినాడ. అట్లా పోయినప్పుడే ఆ సున్నాను మొదటిసారి దగ్గర నుంచి చూశాను. అది కదులుతోందన్న సంగతి కూడా అక్కడే అర్థమైంది.

బురదలో దిగిన గెడ

కోరింగ మడ అడవికి మేం పోయింది చొల్లంగి అమావాస్య తీర్థం మర్నాడు. పుష్య మాసపు అమావాస్యనాడు గోదావరి పాయ తుల్యభాగ సముద్రంలో కలిసేచోట జనం స్నానాలు చేస్తారు. సప్తసాగర యాత్ర అక్కడ మొదలై అంతర్వేదిలో ముగుస్తుంది. చొల్లంగి ఉన్న యానాం రోడ్డు మీదే కోరింగ అభయారణ్యం. 1978లో ప్రకటించారు, విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైనే. లోపలికి చెక్కబాట వేశారు. దాని మీద నడుస్తుంటే రెండు పక్కలా మడ చెట్లు, కింద మెత్తటి నల్లటి బురద, ఆ బురదలో నిలువుగా లేచిన వేలకొద్దీ పుల్లలు. పెన్సిళ్లు గుచ్చి పెట్టినట్టు ఉన్నాయి.

పడవ నడిపే అతను చేతిలోని గెడను బురదలోకి దింపాడు. మోచేతిదాకా పోయింది.

“తమ్ముడూ, ఇవేం పుల్లలు?” అని అడిగాను.

“పుల్లలు కావండి, వేళ్లండి. తెల్లమడ వేళ్లు. బురదలో గాలాడదు కదండీ, అందుకని పైకొచ్చి ఊపిరి పీల్చుకుంటాయండి. ఇంకో గంటలో పోటెక్కుతుంది, ఇయ్యన్నీ ములిగిపోతాయి. ఆయ్.”

ఒక ఆకు తెంపి నా చేతికిచ్చి నాలుకకు తాకించమన్నాడు. ఉప్పగా ఉంది. తెల్లమడ ఉప్పునీళ్లు తాగి, ఎక్కువైన ఉప్పును ఆకు మీదికి నెట్టేస్తుంది. ఎండపూట చూస్తే ఆకు మీద సన్నటి ఉప్పు రవ్వలు కనిపిస్తాయి. పక్కనే ఉన్న ఉప్పుపొన్న సంగతి వేరే. కాండం నుంచి గొడుగు ఊచల్లాగ వేళ్లు దింపి బురదను పట్టుకుని నిలబడుతుంది. దాని గింజ కింద పడి మొలవదు. చెట్టుకు వేలాడుతుండగానే మొలిచి, మునక్కాయలా సాగి, బరువెక్కాక జారి నేరుగా బురదలో గుచ్చుకుంటుంది. రోజుకు రెండుసార్లు నీళ్లొచ్చి కొట్టుకుపోయే నేలలో పిల్లను బతికించుకోవడానికి ఆ చెట్టు నేర్చుకున్న ఉపాయం అది.

మడ వెనకాల, నేల కాస్త ఎత్తెక్కేచోట చెట్లు లేవు. కండ పట్టిన చిన్న ఆకులతో మోకాలి కింది ఎత్తున మొక్కలు నేలకు పరుచుకుని ఉన్నాయి. కొన్ని ఎర్రగా, కొన్ని పచ్చగా. అక్కడికి రోజువారీ పోటు అందదు. అమావాస్యకు, పున్నమికి వచ్చే పెద్ద పోట్లే తడుపుతాయి. ఆ నేలను అక్కడివాళ్లు పర్ర అంటారు. మన చౌడు నేల లాగే కనిపిస్తుంది. ఎందుకూ పనికిరాని నేల అని చూడగానే అనిపించింది. ఆ మాట తప్పని తెలుసుకోవడానికి నాకు ఎక్కువ కాలం పట్టలేదు, ఎందుకంటే మా దగ్గర శిఖం భూమిని కూడా జనం సరిగ్గా అదే మాట అంటారు.

శిఖం అంటే తెలియనివాళ్లకు చెబుతాను. చెరువు నిండినప్పుడు మునిగే నేల, నీళ్లు దిగాక తేలే నేల. ఎండాకాలంలో చూస్తే ఖాళీ జాగా. వానాకాలంలో అది చెరువు. ఏడాదిలో ఎనిమిది నెలలు ఎండి ఉన్నా అది నీటిదే. ఆటుపోట్ల మధ్య ఉండే మడ, దాని వెనకున్న పర్ర సముద్రపు శిఖం. ఈ వ్యాసంలో నేను చెప్పదలచింది ఈ ఒక్క మాటే. మిగతాదంతా దానికి సాక్ష్యం.

గాలివాన వచ్చిన రోజున

కోరింగ ఒకప్పుడు పెద్ద ఓడరేవు. ఇక్కడి నుంచి ఓడలెక్కి బర్మా పోయినవాళ్లు ఎంతమందంటే, అక్కడ తెలుగువాళ్లందరినీ కొరంగీలు అని పిలిచేవాళ్లు. 1789లో ఒకసారి, 1839 నవంబర్ 25న మరోసారి ఉప్పెన ఆ రేవును ముంచింది. వేలమంది పోయారు, ఓడలు ముక్కలయ్యాయి. ఆ రెండో దెబ్బ తర్వాత కోరింగ మళ్లీ పాత కోరింగ కాలేదు. ఇవాళ తుపానుకు లోకమంతా వాడే సైక్లోన్ అన్న మాటను పుట్టించిన హెన్రీ పిడింగ్టన్ తన రాతల్లో ఈ కోరింగ ఉప్పెనను కూడా వర్ణించాడు.

నాకు జ్ఞాపకం ఉన్నది దివిసీమ ఉప్పెన. 1977 నవంబర్ 19. నేను పదో తరగతి. మా బడి పిల్లలం ఇల్లిల్లూ తిరిగి బియ్యం, పాత బట్టలు జమచేసి పంపాం. పదివేల మందికి పైగా చచ్చిపోయారన్నారు. నీళ్లు తాటిచెట్టంత లేచాయన్నారు. ఎట్లా లేస్తాయో అప్పుడు మాకు అర్థం కాలేదు. చెరువు గండి పడటం చూసినవాళ్లమే గాని, సముద్రానికి గండి పడటం మేం ఎరగం.

మడ ఆ నీళ్లను పూర్తిగా ఆపదు. అట్లా ఎవరైనా చెబితే నమ్మొద్దు. కానీ చెట్టు చెట్టుకూ, వేరు వేరుకూ కొట్టుకుంటూ వచ్చే నీటికి జోరు తగ్గుతుంది. కట్ట లోపలివైపు రాతి కట్టు ఎందుకు పేర్చుతాం? అల కట్టను కోయకుండా. మడ కూడా ఆ పనే చేస్తుంది, కాకపోతే అది ప్రాణమున్న రాతి కట్టు. దీనికి గట్టి ఆధారం ఒడిశాలో దొరికింది. 1999లో పెను తుపాను కేంద్రపడా జిల్లాను తాకింది. సౌదామిని దాస్, జెఫ్రీ విన్సెంట్ అనే పరిశోధకులు ఆ జిల్లాలోని వందలాది ఊళ్ల లెక్కలు తీసి 2009లో ప్రచురించారు. సముద్రానికీ ఊరికీ మధ్య మడ వెడల్పుగా మిగిలిన ఊళ్లలో చావులు తక్కువ. మడ సన్నబడ్డ ఊళ్లలో ఎక్కువ. ఉప్పెన ఎత్తు, సముద్రం నుంచి దూరం లెక్కలోకి తీసుకున్నాక కూడా ఆ తేడా మిగిలింది.

గాలివాన లేని రోజుల్లో కూడా మడ ఊరికే ఉండదు. పండుగప్ప పిల్లలు, రొయ్య పిల్లలు ఈ వేళ్ల మధ్యే పెరుగుతాయి. మండపీత బొరియ ఈ బురదలోనే. మేం తిరిగొచ్చేటప్పుడు నడుం లోతు నీళ్లలో ఆడవాళ్లు చేతులతో తడుముతూ పీతలు, గుల్లలు ఏరుతున్నారు. ఆ నీళ్లలోనే నీటికుక్కలు తిరుగుతాయి. చేపలు పట్టి తినే బావురుపిల్లికి దేశంలో మిగిలిన మంచి నెలవుల్లో కోరింగ ఒకటి. ఇంకో సంగతి: మడ రాల్చే ఆకు, కొమ్మ, వేరు బురదలో గాలి తగలక కుళ్లకుండా వందల ఏళ్లు పూడి ఉంటాయి. గాలిలోకి పోవాల్సిన కర్బనం అక్కడే భద్రంగా ఉంటుంది. మడ నరికి ఆ బురదను తిరగేస్తే అదంతా తిరిగి గాలిలోకే.

సున్నా పైకి జరిగితే

ఇప్పుడు సముద్రం ఎంత పెరుగుతోందో చూద్దాం. 1901 నుంచి 2018 దాకా ప్రపంచ సగటు సముద్ర మట్టం 20 సెంటీమీటర్లు పెరిగిందని వాతావరణ మార్పులపై ఐక్యరాజ్య సమితి శాస్త్రవేత్తల బృందం తేల్చింది. వేగం కూడా పెరుగుతోంది. మన పక్కనున్న ఉత్తర హిందూ మహాసముద్రం 1993 నుంచి ఏడాదికి 3.3 మిల్లీమీటర్ల చొప్పున లేస్తోందని మన భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ 2020 నివేదిక చెబుతోంది. నీరు వేడెక్కితే వ్యాకోచిస్తుంది. కరిగిన మంచు వచ్చి కలుస్తుంది. ముఖ్య కారణాలు ఈ రెండే.

3.3 మిల్లీమీటర్లంటే రెండు బియ్యపు గింజలను ఒకదాని మీద ఒకటి పెట్టినంత మందం. దీనికే భయపడాలా అంటారేమో. చెరువు పని చేసినవాడు అట్లా అనడు. గుట్టల మధ్య లోతు చెరువుకు మత్తడి అర అడుగు ఎత్తు పెంచితే నీళ్లు నాలుగు గజాలు పాకుతాయి. పళ్లెం లాంటి చెరువుకు అదే అర అడుగు పెంచితే ఎకరాలకు ఎకరాలు మునుగుతాయి. గోదావరి, కృష్ణా డెల్టాలు పళ్లేల కంటే చదును. పైగా డెల్టా నేల కొత్త మట్టి. దాని బరువుకు అదే కుంగుతుంటుంది. పైన నీళ్లు లేస్తున్నాయి, కింద నేల దిగుతోంది.

అయినా మడకు బతికే దారులు రెండున్నాయి. వేల ఏళ్లుగా అది ఈ రెండు దారుల్లోనే బతికింది.

మొదటిది పైకి ఎదగడం. పోటుతో వచ్చిన మట్టిని వేళ్లతో పట్టుకుని, రాలిన ఆకును కలుపుకుని, తన నేలను తానే ఎత్తు చేసుకుంటుంది. సముద్రం మెల్లగా లేస్తే మడ దాంతోపాటే లేస్తుంది. కానీ దీనికి ఒక హద్దుంది. గత పదివేల ఏళ్ల పాత మడ బురదలను పరీక్షించి నీల్ సెయింటిలన్ బృందం 2020లో చెప్పినదాని ప్రకారం, సముద్రం ఏడాదికి 6, 7 మిల్లీమీటర్లు దాటి లేచిందంటే మడ ఇక అందుకోలేదు. మనం ఇప్పుడు ఆ హద్దుకు సగం దారిలో ఉన్నాం.

రెండోది వెనక్కి జరగడం. ముందువైపు మడ మునుగుతుంటే, గింజలు నీటితో కొట్టుకొచ్చి వెనకనున్న పర్రలో మొలుస్తాయి. పర్ర ఇంకాస్త వెనక్కి జరుగుతుంది. తరం తరానికీ అడవి అడుగు అడుగుగా ఒడ్డు వైపు నడుస్తుంది. అందుకు దానికి వెనక ఖాళీ నేల ఉండాలి. అక్కడ రొయ్యల చెరువు గట్టో, రోడ్డో, ఇళ్ల స్థలాలో ఉంటే మడకు ముందు సముద్రం, వెనక గోడ. మధ్యలో నలిగిపోతుంది.

ఇది రాస్తుంటే నా మనసులో మెదిలేది మా వైపు ఒక చెరువు. ఊరి పేరు రాయను. దాని నిండు మట్టానికి హద్దు రాళ్లు పాతించినవాళ్లలో నేనూ ఒకణ్ని. నాలుగేళ్లు వరసగా వానలు పడలేదు. చెరువు సగం దాకా కూడా రాలేదు. ఒక్కొక్క రాయే మాయమైంది. శిఖంలో మట్టి పోసి ప్లాట్లు చేశారు. నేను కాగితం మీద రాసి పైకి పంపాను, అంతకు మించి గట్టిగా నిలబడలేదు. ఐదో ఏడు చెరువు నిండింది. రాత్రికి రాత్రి ఆ ఇళ్లలోకి మోకాళ్లలోతు నీళ్లొచ్చాయి. “మా ఇంట్లకు చెరువు వచ్చింది సారూ” అని ఒక అక్క ఏడ్చింది. చెరువు ఎక్కడికీ రాలేదు. దాని జాగాలో అది కూర్చుంది. ఆ మాట ఆమెకు చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఇల్లు కొన్న ఆమె తప్పేమీ లేదు. రాయి పీకుతుంటే చూసిన మాదే తప్పు.

మన దగ్గర ఆగిన మట్టి

మడ పైకి ఎదగడానికి మట్టి కావాలన్నాను కదా. ఆ మట్టి ఎక్కడిది? ఇక్కడే మన తెలంగాణ వాళ్లకు ఈ కథతో నేరుగా చుట్టరికం.

నాసిక్ దగ్గర త్రయంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు పారి గోదావరి తెచ్చే ఒండ్రే ఆ డెల్టాను కట్టింది. ఆ ఒండ్రు ఇప్పుడు దారిలో ఆగుతోంది. మన పోచంపాడునే చూడండి. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేసిన శ్రీరాంసాగర్ ప్రాజెక్టుకు మొదట అనుకున్న నిల్వ 112 టీఎంసీలు. 1994 సర్వే నాటికి 90కి పడింది. తర్వాతి సర్వేలో 80 టీఎంసీల దగ్గరికి వచ్చింది. అంటే 32 టీఎంసీల దాకా జాగాను పూడిక తినేసింది. ఒక టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. ట్రాక్టర్ ట్రాలీకి వంద ఘనపుటడుగుల మట్టి పడుతుందనుకుంటే 32 కోట్ల ట్రిప్పులు. ఒక్క ప్రాజెక్టులో. అదంతా సముద్రం దాకా చేరేదని కాదు. కానీ నదికి ఎంత మట్టి దారిలోనే దిగిపోతోందో తెలియడానికి ఈ లెక్క చాలు.

ఈ మట్టి రాకపోతే ఏమవుతుందో ఆంధ్రా విశ్వవిద్యాలయం ఆచార్యులు కె. నాగేశ్వరరావు బృందం 2010లో లెక్కగట్టి చూపించింది. గోదావరి ఏటా మోసుకొచ్చే ఒండ్రు 1970లలో 15 కోట్ల టన్నులు. 2000 తర్వాత అది 5.7 కోట్ల టన్నులకు పడిపోయింది. కృష్ణ పరిస్థితి ఇంకా ఘోరం, 90 లక్షల టన్నుల నుంచి 4 లక్షలకు. ఫలితంగా రెండు డెల్టాల 336 కిలోమీటర్ల తీరంలో 1965 నుంచి 2008 మధ్య నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసింది. దాదాపు 19 వేల ఎకరాలు. సముద్ర మట్టం పెరగడం దీనిలో ఒక భాగమే. నది చేతులు ఖాళీ కావడం పెద్ద భాగం.

ఈ లెక్క చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు మా మండలంలో చెరువు పూడిక తీస్తుంటే సంబరపడి చూసినవాణ్ని. రైతులు ట్రాక్టర్లతో ఆ నల్లమట్టిని చేలకు తోలుకున్నారు. అది మంచి పనే, ఇప్పటికీ అంటాను. మా చెరువుకు పూడిక రోగం. కానీ అదే పూడిక డెల్టాకు తిండి. మా ఘన్‌పూర్ రిజర్వాయర్‌లోకి దేవాదుల ఎత్తిపోతల నుంచి వచ్చే నీళ్లు గోదావరివే. మేం ఆ నీళ్లు వాడుకోవద్దని నేను అనను. ఎండిన బావులు చూసినవాడు ఆ మాట అనలేడు. అనేదల్లా ఒకటే: నీటి వాటా మాట్లాడే ప్రతిచోటా మట్టి వాటా కూడా మాట్లాడాలి. వరద తొలి రోజుల్లో నీళ్లు ఎర్రగా వస్తాయి, మట్టి ఎక్కువుండేది అప్పుడే. ఆ రోజుల్లో గేట్లు ఎంత ఎత్తు లేపాలి, అడుగు తూములు ఎప్పుడు తెరవాలి అని నిర్ణయించేటప్పుడు కిందున్న డెల్టాను కూడా లెక్కలోకి తీసుకోవడం ఇంజినీర్లకు చేతనైన పనే.

రాయి పేర్చిన తీరం

కాకినాడకు ఉత్తరాన ఉప్పాడ. జాందానీ చీరలకు పేరుపడ్డ ఊరు. మా బిడ్డ చీర కొంటానంటే పోయాం. కాకినాడ నుంచి సముద్రం ఒడ్డునే రోడ్డు. కొన్నిచోట్ల రోడ్డు సగమే ఉంది, మిగతా సగాన్ని అలలు తినేశాయి. ఇసుక నింపిన పెద్ద సంచుల గోడ కట్టారు, రాళ్లు పోశారు. తుపాను వచ్చిన ప్రతిసారీ మళ్లీ పోయాలి. ఒక పెద్దమనిషి సముద్రం వైపు చేయి చూపించి, “అదిగో, అక్కడుండేదండి మా వీధి” అన్నాడు. అలలు తప్ప నాకు ఏమీ కనపడలేదు.

ఊరు కూలుతుంటే రాయి వేయక తప్పదు. కానీ రాయి అలను మింగదు, తిప్పికొడుతుంది. తిరిగి పోయే అల గోడ పాదం దగ్గరి ఇసుకను లాగేస్తుంది. గోడ అయిపోయినచోట పక్క ఊరి ఒడ్డును కోస్తుంది. చెరువు కట్టకు రాయి ఒకచోట వదిలిపెడితే సరిగ్గా అక్కడే కట్ట కోసుకుపోవడం మేం చూసిందే. మడ, పర్ర ఉన్నచోట ముందే వాటిని కాపాడుకోవడం చవక. పోయాక కట్టే గోడ ఎప్పటికీ తీరని ఖర్చు.

చేపముల్లు కాలువలు

పోయిన మడను తిరిగి తెచ్చుకోవచ్చా? తెచ్చుకున్నారు, మన తీరంలోనే. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1990ల చివర అటవీ శాఖతో, మత్స్యకార పల్లెలతో కలిసి గోదావరి, కృష్ణా ముఖద్వారాల్లో ఆ పని చేసింది. వాళ్లు ముందు మొక్క నాటలేదు, ముందు జబ్బు కనిపెట్టారు. ఒకప్పుడు మడను గంపగుత్తగా నరికినచోట నేల ఎండి కుంగి పళ్లెంలా అయింది. పోటుకు వచ్చిన నీళ్లు ఆటుకు తిరిగి పోవడం లేదు. ఎండకు ఆవిరై ఉప్పు పేరుకుంది. ఆ ఉప్పులో మడ కూడా మొలవదు.

కాబట్టి మధ్యలో ఒక పెద్ద కాలువ, దాని రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు తవ్వారు. పైనుంచి చూస్తే చేపముల్లులా ఉంటుంది. నీళ్లు రావడం, పోవడం మొదలైంది. ఉప్పు కడుక్కుపోయింది. కాలువ గట్టు వాలులో తెల్లమడ మొక్కలు నాటారు. కాలువల్లోకి చేపలు, పీతలు కూడా వచ్చాయి. పల్లెల్లో సంఘాలు పెట్టి కాపలా వాళ్ల చేతికే ఇచ్చారు. చూడండి, ఇదంతా నీటిపారుదల పనే. వాటం సరిచేయడం, నీటికి దారి ఇవ్వడం. మా శాఖలో ఏ లష్కరైనా చెప్పగల సంగతి.

పరాయి దేశపు ఉదాహరణ ఒకటి. ఇంగ్లండ్‌లో ఎసెక్స్ తీరాన వల్లసీ అనే దీవి. వందల ఏళ్ల కిందట గట్లు కట్టి సముద్రపు పర్రను పొలాలు చేసుకున్నారు. లండన్ నగరం కింద క్రాస్‌రైల్ సొరంగాలు తవ్వినప్పుడు వచ్చిన 30 లక్షల టన్నులకు పైగా మట్టిని ఓడల్లో అక్కడికి తెచ్చి పోసి, నేలను ఎత్తు చేసి, 2015లో సముద్రపు గట్టుకు వాళ్లే గండి కొట్టారు. పర్ర మళ్లీ పుట్టింది, పక్షులు తిరిగొచ్చాయి. గట్టుకు గండి కొట్టి సముద్రాన్ని లోపలికి పిలవడం నా లాంటివాడికి వినడానికే కష్టం. కానీ వాళ్లు చేసిందేమిటి? తీసుకున్న శిఖాన్ని తిరిగి ఇచ్చేశారు, పూడిక కూడా కలిపి ఇచ్చారు.

మన తీరంలో వాడకుండా వదిలేసిన రొయ్యల చెరువులు అక్కడక్కడా కనిపిస్తాయి. 1990లలో ఆ సాగు ఎంత తొందరగా పాకిందంటే, 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు కలగజేసుకుని తీర నియంత్రణ మండలిలో ఆ చెరువులు వద్దని తీర్పు చెప్పాల్సి వచ్చింది. 2005లో తీర ఆక్వా సాగుకు వేరే చట్టమే తెచ్చారు. ఉప్పు తేలి, రోగాలు తగిలి వదిలేసిన చెరువుల గట్లను నాలుగుచోట్ల కోసి పోటు నీటిని లోపలికి రానిస్తే చాలాచోట్ల మడ తనంతట తానే వస్తుంది. రైతుకు పరిహారం ఇచ్చి ఈ పని చేయొచ్చు.

చట్టం ఉంది, హద్దు రాయి ఉండాలి

చట్టం లేక కాదు. తీర నియంత్రణ నోటిఫికేషన్ 1991లో వచ్చింది, 2011లో, 2019లో మార్చి రాశారు. మడ అడవులతో పాటు ఉప్పు పర్రలు కూడా అందులో అన్నింటికంటే కట్టుదిట్టమైన మొదటి తరగతిలో ఉన్నాయి. వెయ్యి చదరపు మీటర్లకు మించిన మడ చుట్టూ 50 మీటర్ల జాగా విడిచిపెట్టాలని రాసి ఉంది. 2023లో కేంద్రం మిష్టీ పేరుతో మడ పెంపకానికి పథకం కూడా తెచ్చింది. అయినా 2020లో కాకినాడ శివారు దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ నేలను చదును చేశారని వివాదం హరిత ట్రిబ్యునల్ దాకా పోయింది. ఇల్లు లేనివాడికి ఇల్లు కావాలి, అందులో రెండో మాట లేదు. అయితే ఆ ఇల్లు సముద్రపు శిఖంలో కట్టిస్తే, మొదటి పెద్ద పోటుకు మునిగేది ఆ పేదవాడే. మా చెరువు దగ్గర ఏడ్చిన అక్క ముఖం నాకు ఇంకా కళ్ల ముందే ఉంది.

ఒకటి గమనించాలి. 50 మీటర్లు ఇవాళ్టి మడకు సరిపోవచ్చు. ముప్పై ఏళ్ల తర్వాత మడ నిలబడాల్సిన చోటు అంతకంటే వెనక ఉంటుంది. చెరువుకు నిండు మట్టం గుర్తించినప్పుడు ఎండాకాలపు నీటిని చూసి రాయి పాతం. రావాల్సిన వరదను చూసి పాతుతాం. తీరానికీ అట్లాగే రేపటి పోటు ఎక్కడిదాకా వస్తుందో కొలిచి ఇవాళే రాయి పాతాలి.

ఓరుగల్లు వాళ్లకు సముద్రంతో ఏం పని అని మా ఊళ్లో మిత్రులు అడుగుతారు. కాకతి గణపతిదేవుడు 1244లో మోటుపల్లి రేవులో అభయ శాసనం వేయించాడు. అంతకు ముందు రాజులు తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును జప్తు చేసేవాళ్లు. గణపతిదేవుడు అది మానేసి, సముద్రంలో చిక్కుకున్న వర్తకులకు అభయమిచ్చాడు. పాకాల, రామప్ప చెరువులు కట్టించిన కాలం అది. కొండ మీది చెరువూ, కడలి ఒడ్డూ ఒకే రాజ్యం బాధ్యత అనుకున్న కాలం. ఇవాళ రాష్ట్రాలు రెండైనా గోదావరి ఒక్కటే.

ఆంధ్ర తీరంలో మిగిలిన మడ 400 చదరపు కిలోమీటర్ల చుట్టూ ఉంది. అది పెద్ద అడవేం కాదు. కాపాడుకోగలిగినంతే ఉంది. తీరపు ఊళ్లలో ఉన్నవాళ్లకు నా మనవి: తీర ప్రణాళిక పటాలు అభ్యంతరాల కోసం ప్రజల ముందు పెట్టినప్పుడు వెళ్లి చూడండి. మీ ఊరి మడ, దాని వెనక పర్ర అందులో గుర్తించారో లేదో అడగండి. లేకపోతే రాతపూర్వకంగా ఇవ్వండి. నేను ఒక్కసారి కాగితం పంపి ఊరుకున్నాను. మీరు ఊరుకోకండి. ఎగువన ఉన్న మాలాంటి వాళ్లకు: పిల్లలను ఒక్కసారైనా చొల్లంగి తీసుకుపోండి. మడ ఆకు నాలుకకు తాకించండి. మన చెరువులో దిగిపోయే మట్టి ఎక్కడికి పోవాల్సిందో వాళ్లకు చూపించండి.

మొన్న కాకినాడ నుంచి తిరిగొచ్చాక మా స్టేషన్ బోర్డు ముందు కాసేపు నిలబడ్డాను. ఊరి పేరు కింద ఆ అంకె అట్లాగే ఉంది. దాన్ని కొలిచిన సముద్రం మాత్రం నా చిన్నప్పుడున్న చోట లేదు.